గొలుసు కంటే ముందు మెడపట్టీ

హైదరాబాదులో ఏ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు చూసినా మూడు గొడవలు మాత్రం ఎప్పటికీ తెగవు. నీళ్ళ టాంకరు, పార్కింగు, కుక్కలు. మొదటి రెండూ నాలుగు డబ్బులు పడేస్తే ఏదో ఒక దారికొస్తాయి. మూడోది రాదు. "మీ కుక్కకి గొలుసు కట్టుకుని తిప్పండి" అని ఒకరు, "మావాడు ఎవర్నీ ఏమీ చెయ్యడండీ" అని ఇంకొకరు. వీళ్ళిద్దరూ ఇలా కొట్టుకుంటూ ఉండగానే, గేటు బయట నాలుగు వీధికుక్కలు సెకండ్ షిఫ్టు అయి వచ్చేవాళ్ళ బళ్ళ వెంట పడుతూ ఉంటాయి. వాటికి గొలుసేదీ అని ఎవరూ అడగరు. ఎవర్ని అడగాలి?

నాకెందుకో అసలు చిక్కంతా ఈ "ఎవర్ని అడగాలి" దగ్గరే ఉందనిపిస్తుంది. బయట కుక్కకి గొలుసు ఉండాలి అనే రూలు వినడానికి చాలా చిన్నది. కానీ దాని వెనక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో సగం మన దేశంలోనే జరిగింది. కాస్త ఓపిగ్గా చదవండి.

బొంబాయి, 1832

ముందు మన దగ్గర్నుంచే మొదలుపెడదాం. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బొంబాయిలో వీధికుక్కలు ఎక్కువయ్యాయని ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఒక రూలు పెట్టారు. ఏడాదిలో ఫలానా వారాల్లో వీధిలో తిరిగే కుక్కల్ని చంపెయ్యొచ్చు అని. 1832లో ఆ గడువుని ఇంకాస్త పొడిగించారు. చంపిన ప్రతి కుక్కకీ ఎనిమిది అణాలు బహుమానం.

మన ఫీల్డులో వాళ్ళకి తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. కనిపెట్టిన ప్రతి బగ్గుకీ ఇంత అని బోనస్ ప్రకటిస్తే టెస్టింగు టీములో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది :) కుక్కకి ఇంత అని లెక్క కట్టేసరికి ఏది వీధిదో ఏది ఇంటిదో చూసే ఓపిక పట్టేవాళ్ళకి లేకపోయింది. ఇళ్ళ ముందు పడుకున్నవాటినీ, జనం రోజూ అన్నం పెట్టేవాటినీ కూడా కొట్టి చంపడం మొదలుపెట్టారు.

బొంబాయి కోట ప్రాంతంలో అప్పుడు పార్సీలు ఎక్కువ. వాళ్ళ మతంలో కుక్కకి గౌరవమైన స్థానం ఉంది. మనిషి పోయాక శవాన్ని కుక్కకి చూపించే 'సగ్‌దీద్' అనే ఆచారం వాళ్ళ అంత్యక్రియల్లో ఒక భాగం. 1832 జూన్ 6న కుక్కల్ని చంపుతున్న పోలీసుల మీద పార్సీలు తిరగబడ్డారు. మర్నాడు దుకాణాలు మూసేశారు. మిగతా మతాలవాళ్ళూ కలిశారు. కొలాబాలో ఉన్న సైన్యానికి వెళ్ళే సరుకుల్ని కూడా అడ్డుకున్నారు. చివరికి సైన్యాన్ని దించి, కొందర్ని అరెస్టు చేసి అణిచారు. ఆ తర్వాత జంషెట్జీ జీజీభాయ్ లాంటి పెద్దమనుషులు మధ్యలో పడి రాజీ కుదిర్చారు. కుక్కల్ని చంపే బదులు ఊరి బయటికి తరలించాలన్నది ఆ రాజీ.

కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు కదా, ఇక్కడ ఆ చెప్పు తిరిగొచ్చి సర్కారుకే తగిలింది. ఎందుకంటారా? కంపెనీవాళ్ళ లెక్కలో కుక్కలు రెండే రకాలు. యజమాని ఉన్నది, లేనిది. వీధిలో కనిపిస్తే యజమాని లేనిదే అన్నమాట. బొంబాయి వీధిలో మూడో రకం ఉంది. ఏ ఒక్కరిదీ కాదు, వీధి మొత్తానిది. రాత్రిపూట మొరిగి కాపలా కాస్తుంది, నాలుగిళ్ళలో నాలుగు ముద్దలు తింటుంది. ఆ మూడో రకానికి కంపెనీవారి రూల్లో కాలమ్ లేదు.

లండన్: మూతికి చిక్కం

అదే సర్కారు సొంత ఊళ్ళో ఏం చేసిందో చూడండి. 1867లో లండన్ వీధుల మీద వచ్చిన చట్టం (మెట్రోపాలిటన్ స్ట్రీట్స్ యాక్ట్) దిక్కులేని కుక్కల్ని పట్టుకునే అధికారం, పిచ్చికుక్కల భయం ఉన్నప్పుడు కుక్కలకి చిక్కం కట్టించే అధికారం పోలీసులకిచ్చింది. ఎద్దు చేలో మెయ్యకుండా మూతికి చిక్కం కడతారు చూడండి, అలాంటిదే కుక్కకి. అదే ఏడాది కుక్క పెంచుకునే ప్రతివాడూ ఐదు షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలన్నారు. 1878లో దాన్ని ఏడున్నర షిల్లింగులు చేశారు.

1885 చివర్లో రేబిస్ బాగా పెరిగేసరికి లండన్ పోలీసులు ఆర్డరు వేశారు. వీధిలోకొచ్చే కుక్కకి మూతికి చిక్కమైనా ఉండాలి, లేదా గొలుసు పట్టుకుని మనిషైనా ఉండాలి. రెండూ లేని కుక్కల్ని పట్టుకుపోయారు. బాటర్సీలో ఉన్న కుక్కల ఆశ్రమం కిక్కిరిసిపోయింది. అడగడానికి ఎవరూ రాని కుక్కల్లో ఎక్కువభాగం అక్కడి గ్యాసు గదిలోనే పోయాయి. లండన్‌వాళ్ళు జాలిగా చేశారని నేను చెప్పడం లేదు. జనం కూడా ఊరుకోలేదు. చిక్కం కుక్కకి హింస అన్నారు. రేబిస్ అనేదే లేదు, అంతా మనిషి భయం అన్నవాళ్ళూ ఉన్నారు. 1891లో పుట్టిన కెనైన్ డిఫెన్స్ లీగ్ (ఇప్పటి డాగ్స్ ట్రస్ట్) చిక్కానికి వ్యతిరేకంగా పోరాడింది. ఇంకో గొడవేమిటంటే వేటకుక్కల గుంపులకీ, పనిలో ఉన్న గొర్రెలకాపరి కుక్కలకీ మినహాయింపు ఇచ్చారు. దొరగారి వేటకుక్కకి ఒక రూలు, పేదవాడి కుక్కకి ఇంకో రూలా అని జనం మండిపడ్డారు. న్యాయమే కదా!

అంత చేసినా మొదట్లో ఫలితం నిలవలేదు. 1887 నుంచి ఈ అధికారాన్ని ఏ జిల్లాకి ఆ జిల్లా స్థానిక సంస్థలకి వదిలేశారు. ఒక జిల్లాలో చిక్కం తప్పనిసరి, రోడ్డు దాటితే పక్క జిల్లాలో ఏమీ లేదు. కుక్కకి జిల్లా సరిహద్దులు తెలీవు, వైరస్‌కి అసలే తెలీవు. ఒక చోట తగ్గడం, పక్కనుంచి మళ్ళీ రావడం, ఇదే తంతు. 

1895లో వ్యవసాయ బోర్డుకి అధ్యక్షుడిగా వచ్చిన వాల్టర్ లాంగ్ ఈ తంతుకి స్వస్తి చెప్పాడు. రేబిస్ ఉన్న ప్రాంతాలన్నిటినీ కలిపి కేంద్రం నుంచే ఆర్డర్లు వేశాడు. 1897లో బయటి దేశాల కుక్కలకి క్వారంటైన్ కూడా పెట్టారు. బూతులు తిట్టే ఉత్తరాలు కుప్పలుతెప్పలుగా వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1902 నాటికి బ్రిటన్‌లో రేబిస్ లేకుండా పోయింది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో సైనికులు దొంగచాటుగా తెచ్చుకున్న కుక్కలతో 1918లో మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మందు వేసి 1922కల్లా వదిలించుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అప్పటికి కుక్కలందరికీ వెయ్యడానికి టీకా లేదు. కేవలం చిక్కం, గొలుసు, లైసెన్సు, సరిహద్దు కాపలా, వీటితోనే ఒక దేశం రేబిస్‌ని తరిమేసింది. అది ఎలా కుదిరిందంటే ప్రతి కుక్క వెనకా ఒక పేరూ చిరునామా ఉండేలా చేశారు కాబట్టి. రోడ్డు మీదికొచ్చే కుక్క మెడపట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలన్న నిబంధన అక్కడ ఇప్పటికీ ఉంది. 2016 నుంచి ఇంగ్లండులో మైక్రోచిప్ కూడా తప్పనిసరి. గొలుసు అనేది కుక్కకీ మనిషికీ మధ్య కట్టేది. ఆ చివర మనిషే లేకపోతే గొలుసు రూలుకి అర్థం లేదు.

న్యూయార్కు: జబ్బు నుంచి మర్యాదకి

రేబిస్ భయం పోయాక ఈ రూల్స్ ఎటు వెళతాయో న్యూయార్కులో కనిపిస్తుంది. అక్కడ బయట కుక్క గొలుసు ఆరడుగుల కన్నా పొడుగుండకూడదు. 1970ల్లో అక్కడి పెద్ద తగాదా కాటు గురించి కాదు, కుక్క వదిలిపెట్టే దాని గురించి. పిల్లలు ఆడే పార్కులు పాడవుతున్నాయని ఫ్రాన్ లీ అనే ఆవిడ ఉద్యమం నడిపింది. కుక్కల యజమానులు, జంతుసంక్షేమ సంస్థలు ఎదురు తిరిగాయి. నగరంలో తేలకపోతే రాష్ట్ర చట్టసభ చట్టం చేసింది. 1978 ఆగస్టు 1 నుంచి, మేయర్ ఎడ్ కాచ్ హయాంలో, నీ కుక్కది నువ్వే ఎత్తాలి, లేకపోతే వంద డాలర్ల దాకా జరిమానా అన్నారు. ఎవరూ పాటించరన్నారు అప్పట్లో. అలవాటైపోయింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇప్పుడు జేబులో ప్లాస్టిక్ సంచి లేకుండా కుక్కతో గడప దాటరు.

అక్కడే ఇంకో సర్దుబాటు కూడా ఉంది. చాలా పార్కుల్లో, అనుమతించిన చోట్ల, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం తొమ్మిది వరకు గొలుసు విప్పెయ్యొచ్చు. ఏళ్ళ తరబడి ఇది చూసీచూడనట్టు నడిచింది. 2006లో క్వీన్స్‌లోని ఒక పౌరసంఘం కోర్టుకెళ్ళింది, ఓడిపోయింది. 2007లో అది రాతపూర్వకమైన నిబంధన అయింది. లైసెన్సు, రేబిస్ టీకా ఉన్న కుక్కలకి మాత్రమే ఆ వెసులుబాటు. అంటే ఎవరి కుక్కో తెలిస్తే గొలుసు విప్పినా భయం లేదన్నమాట.

ఒకే సామ్రాజ్యం, రెండు దారులు

మళ్ళీ మన దేశానికొద్దాం. 1885లో పాశ్చర్ ప్యారిస్‌లో కుక్క కరిచిన మనిషికిచ్చే టీకా కనిపెట్టాడు. బ్రిటన్ ఆ టీకా కోసం సొంతంగా పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకోలేదు. అవసరమైన రోగుల్ని ప్యారిస్ పంపి, ఇంట్లో మాత్రం కుక్క మూతికి చిక్కం కట్టింది. అదే బ్రిటిషు సర్కారు నడిపిన ఇండియాలో సరిగ్గా తలకిందులుగా జరిగింది. 1900లో కసౌలిలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 1907లో దక్షిణాదికని కూనూరులో ఇంకోటి వచ్చింది. చిక్కం మాత్రం రాలేదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కదా. కడపలో పిచ్చికుక్క కరిచినవాడికి వైద్యం నీలగిరి కొండల మీద! అక్కడికి వెళ్ళగలిగినవాడు వెళ్ళాడు, వెళ్ళలేనివాడు నాటుమందు మింగి దేవుడి మీద భారం వేశాడు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ చేసిన టీకా వచ్చాక దాన్ని జిల్లా ఆసుపత్రులకి పంపడం వీలైంది. మన అమ్మానాన్నలు భయంభయంగా చెప్పే "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" ఇవే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ టీకాని మన దేశం 2005 నాటికి గానీ పూర్తిగా వదిలిపెట్టలేదు. ఇప్పుడు చేతికి వేసే కొత్తరకం టీకాలు మన హైదరాబాదులోనే ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌లో తయారవుతున్నాయి.

అంటే, బ్రిటన్‌లో కుక్కని అదుపు చేశారు, ఇండియాలో కరిపించుకున్న మనిషికి సూది వేశారు. ఎందుకని? 1832 బొంబాయి గుర్తుంది కదా. ఇక్కడి వీధికుక్కకి పేరు రాయడం కష్టమైన పని, ఖర్చుతో కూడిన పని, గొడవల పని. సూది మందు దానికన్నా తేలిక. బగ్గు సరిచెయ్యకుండా ప్రతి కస్టమర్‌కీ విడివిడిగా ప్యాచ్ పంపినట్టు. వందేళ్ళుగా పంపుతూనే ఉన్నాం.

చట్టం లేదా అంటే ఉంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 289వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షన్ అయింది, జరిమానా ఐదువేల దాకా పెరిగింది. "తన ఆధీనంలో ఉన్న" అన్న మాట మాత్రం అలాగే ఉంది. వీధికుక్క ఎవరి ఆధీనంలో ఉంది? నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ కాలమ్ ఖాళీనే.

ఆ ఖాళీని మున్సిపాలిటీలు చాలాకాలం కుక్కలబండితో నింపాయి. పట్టడం, చంపడం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా దానికి చోటిచ్చింది. దశాబ్దాల పాటు చంపినా కుక్కలు తగ్గలేదు. తిండి దొరికే చోట ఖాళీ ఏర్పడితే పక్కవీధివి వచ్చి పిల్లల్ని పెడతాయి. మద్రాసులో బ్లూ క్రాస్ వాళ్ళు 1960ల నుంచీ ఇదే మొత్తుకున్నారు. చంపకండి, ఆపరేషన్ చేసి టీకా వేసి వదలండి అని. 1990ల మధ్యలో గానీ ఆ కార్పొరేషన్ వినలేదు. 2001లో ఆ పద్ధతే దేశమంతటికీ ఏబీసీ రూల్స్‌గా వచ్చింది. ఆపరేషన్ అయిన కుక్కకి చెవి కొస కొంచెం కత్తిరించి, పట్టిన చోటే వదిలెయ్యాలి. 2023లో వచ్చిన కొత్త రూల్స్ వీటిని కమ్యూనిటీ జంతువులు అన్నాయి. బొంబాయి పార్సీలు 1832లో చెప్పిన మూడో రకానికి ఇన్నాళ్ళకి చట్టంలో ఒక పేరు దొరికింది.

పేరైతే దొరికింది గానీ పని జరగలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. వాచ్‌మన్‌గా చేస్తున్న తండ్రి పనిచేసే చోటే. మర్చిపోయే సంగతి కాదది. తెలంగాణ హైకోర్టు దాన్ని తనంతట తానుగా విచారణకి తీసుకుంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. పదకొండు రోజులకి, ఆగస్టు 22న, ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప, తిండి మాత్రం కేటాయించిన చోటే పెట్టండి అంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల లాంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది. చంపాలా, తరలించాలా, వదలాలా అని మూడు నెలలు దేశమంతా తలలు బద్దలు కొట్టుకుంది. 1832లో ఎక్కడున్నామో దాదాపు అక్కడే.

గోవా వాళ్ళు ఏం చేశారు

మనవల్ల కాదులే అనుకునేవాళ్ళకి గోవా చూపించాలి. 2010ల మధ్య నుంచి అక్కడ ప్రభుత్వం, మిషన్ రేబిస్ అనే సంస్థ కలిసి ఊరూరా కుక్కలకి టీకాలు వేశాయి. పెంపుడువైనా, వీధివైనా. పట్టడానికి వలలు, లెక్క రాయడానికి మొబైల్ యాప్. ఏ కుక్కకి ఏ రోజు ఏ వీధిలో టీకా పడిందో జీపీఎస్‌తో సహా నమోదు. ఏ వీధి మిగిలిపోయిందో సాయంత్రానికి మ్యాపులో కనిపించేది. రేబిస్ చక్రం తెగాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గోవా ఆ లెక్క పట్టుకుని వెళ్ళింది. 2018 నుంచి అక్కడ మనుషుల్లో రేబిస్ మరణాలు ఆగిపోయాయి. 2021లో దేశంలోనే మొదటి రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించారు.

వాల్టర్ లాంగ్ మెడపట్టీతో చేసినదాన్నే వీళ్ళు డేటాబేస్‌తో చేశారని నాకనిపిస్తుంది. పద్ధతులు వేరే, సూత్రం ఒకటే. ప్రతి కుక్కా లెక్కలోకి రావాలి, సరిహద్దు దగ్గర రూలు మారకూడదు, ఒక ఏడాది చేసి వదిలెయ్యకూడదు. కరవకుండా ఉండటానికి ఇది పూర్తి మందు కాదు, ఒప్పుకుంటాను. టీకా పడిన కుక్క కూడా కరుస్తుంది. దానికి చెత్తకుండీలు మూతలు పెట్టాలి, ఆపరేషన్లు చెయ్యాలి, మీదపడే వాటిని వేరుచెయ్యాలి. కానీ కరిచిన కుక్క వల్ల ప్రాణం పోవడం మాత్రం ఆగుతుంది.

మన దేశంలో ఏటా జంతువు కాట్లు 90 లక్షల పైన, రేబిస్ మరణాలు 5,700 దాకా ఉంటాయని 2025లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా. ఈ కాట్లు ఎక్కువగా ఎవరికి పడతాయో ఆలోచించండి. క్యాబ్‌లో గేటు దాకా వచ్చి దిగే మనకి కాదు. తెల్లవారుజామున రోడ్లూడ్చేవాళ్ళకి, పేపరు వేసే కుర్రాళ్ళకి, డెలివరీ బళ్ళవాళ్ళకి, బయట ఆడుకునే పిల్లలకి.

అందుకని లిఫ్టులో గొలుసు గురించి కొట్లాడుకునేవాళ్ళు ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేసుకుంటే బావుంటుంది. మన ఇంట్లో కుక్కకి కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా కార్డు ఉన్నాయా? మన గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎన్ని వీధికుక్కలున్నాయి, వాటిలో ఎన్నిటికి చెవి కొస కత్తిరించి ఉంది, ఈ ఏడాది ఎన్నిటికి టీకా పడింది? మొదటిది మన పని. రెండోది కార్పొరేషన్ పనే, కానీ అడిగేవాళ్ళు లేకపోతే అది జరగదు. ఒక ఆదివారం పొద్దున్న నలుగురు కూర్చుంటే ఒక వీధి లెక్క ఎక్సెల్ షీట్లోకి వచ్చేస్తుంది. ఆ షీటు పట్టుకుని వెళ్ళి "మా వీధిలో ఇన్ని కుక్కలు, ఇన్నిటికి టీకా లేదు, ఎప్పుడొస్తారు" అని అడిగితే, "కుక్కలు ఎక్కువైపోయాయండీ" అన్నప్పుడు దొరికే జవాబు కన్నా వేరే జవాబు దొరుకుతుంది. కుక్క పేరు మీద మన దగ్గర ఇప్పటికీ లేనిది ఆ లెక్కే.